దెయ్యం సినిమా ఇద్దరు, ట్రైలర్ ఇంటిల్లిపాదీ

మా ఇంట్లో 'విరూపాక్ష' సినిమా చూసింది ఇద్దరే. మా ఆయన, మా మరిది. 2023 ఎండాకాలంలో పని మీద హైదరాబాద్ పోయి, పని తొందరగా తెమిలిందని ఇద్దరూ కలిసి మ్యాట్నీకి దూరారు. ట్రైలర్ చూసింది మాత్రం ఆరుగురం. వాళ్ళిద్దరూ కాక నేను, మా అత్తమ్మ, అప్పుడు తొమ్మిదో తరగతి పరీక్షలు రాసిన మా అమ్మాయి, రెండో తరగతి అయిపోయిన మా అబ్బాయి.

సినిమా తీసినవాళ్ళ లెక్కలో ట్రైలర్ అంటే పిలుపు, శుభలేఖ లాంటిది. మా ఇంటి లెక్కలో మాత్రం నలుగురికి శుభలేఖే పెళ్ళి. వాళ్ళు సినిమాకి పోలేదు, పోయే ఉద్దేశమూ లేదు. ఆ రెండు మూడు నిమిషాల్లో ఎంత భయం ఉందో అంతా వాళ్ళతోపాటు ఇంట్లోనే ఉండిపోయింది. సినిమా చివర్లో అసలు ఆ చావులన్నీ ఎందుకు జరిగాయో, ఎవరి పాపం ఎవరికి తగిలిందో చెప్తారు చూడండి, ఆ భాగం మాత్రం వాళ్ళదాకా రాలేదు.

వేరే సినిమాలకి ఇదంత పట్టించుకోవాల్సిన విషయం కాదు. ప్రేమకథ ట్రైలర్ చూసి సినిమా చూడకపోతే పోయేదేముంది? వాళ్ళిద్దరికీ పెళ్ళయిందో లేదో తెలియదు, అంతే, ఆ సంగతి రాత్రి నిద్ర పాడుచేయదు. భయం అట్లా కాదు. సగంలో ఆపేస్తే తగ్గదు, పెరుగుతుంది. అందుకే దెయ్యం సినిమా ట్రైలర్ గురించి విడిగా మాట్లాడుకోవాలని నాకనిపిస్తుంది. ట్రైలర్లన్నీ ఒకటి కావు కూడా. ఏ రకం ట్రైలర్ మన ఇంట్లోకి ఏ దారిన వస్తుంది, మనం తలుపు తీస్తే వస్తుందా, తీయకుండానే వస్తుందా అన్నదాంట్లోనే అసలు తేడా ఉంది.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ సెకండ్ ఇయర్. దానికి ఈ రకాలన్నీ నోటికి వచ్చు. టైటిల్ గ్లింప్స్, మోషన్ పోస్టర్, టీజర్, ట్రైలర్, రిలీజ్ ట్రైలర్, మధ్యలో పాటల ప్రోమోలు. పెళ్ళికి ముందు పసుపు కొట్టడం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క తంతు చేసుకుంటూ వచ్చినట్టే ఉంటుంది వీళ్ళ వ్యవహారం. 'విరూపాక్ష'కే చూడండి. 2022 డిసెంబర్‌లో టైటిల్ గ్లింప్స్ వచ్చింది, జూనియర్ ఎన్టీఆర్ గొంతుతో. మార్చిలో టీజర్, ఏప్రిల్‌లో ట్రైలర్, 21వ తారీఖున సినిమా. నాలుగైదు నెలలు మెల్లమెల్లగా మంట పెట్టి ఉడికించారన్నమాట.

వీటిల్లో నాకు నచ్చేది గ్లింప్సే. అందులో చూపించేది తక్కువ. ఒక గొంతు, చీకటి, ఏదో ఉందన్న మాట. అంతకు మించి ఏమీ ఉండదు. మా అబ్బాయి దాన్ని చూసి "ఇందులో ఎన్టీఆర్ ఎక్కడ?" అని అడిగాడు తప్ప భయపడలేదు. పెద్దవాళ్ళకి మాత్రం వెన్నులో కొంచెం చలి పుడుతుంది. పిల్లలకి అర్థం కానిదీ పెద్దలకి అర్థమయ్యేదీ ఒకే ముక్కలో పెట్టడమంటే అది పనితనమే.

టీజర్ పని ప్రశ్న వేయడం. ట్రైలర్ దగ్గరికి వచ్చేసరికి వీళ్ళకి ఓపిక పోతుంది. సినిమాలో ఉన్న నాలుగు మంచి ఉలికిపాట్లనీ కోసుకొచ్చి వరసగా పేరుస్తారు. డబ్బులు పెట్టి టికెట్ కొన్నవాడు లోపలికి పోయి ఇంకేం చూడాలి? మా మరిది సినిమా నుంచి వచ్చి ఇదే అంటాడు ఎప్పుడూ: "వదినా, తలుపు తెరుచుకునే సీను ట్రైలర్లోనే చూసిన గదా, అక్కడికి రాంగనే పక్కనోనికి ముందే చెప్పేసిన." పక్కనవాడి సంగతి పాపం.

ఇక్కడ పాతకాలం హాలీవుడ్ ముచ్చట ఒకటి చెప్పాలి. 1960లో హిచ్‌కాక్ 'సైకో' తీసినప్పుడు దాని ట్రైలర్ ఆరు నిమిషాలకి పైనే ఉంది. ఇప్పుడైతే అంతసేపు ఎవరూ చూడరంటారు. కానీ ఆ ఆరు నిమిషాల్లో సినిమా సీన్లు చూపించలేదు. హిచ్‌కాక్ తానే ఆ ఇంట్లో, ఆ లాడ్జిలో తిరుగుతూ ఇల్లు అమ్మేవాడిలా ఇదిగో ఈ మెట్లు, ఇదిగో ఈ గది అని చూపిస్తాడు. ఇక్కడేదో ఘోరం జరిగిందని అంటూ, చెప్పబోయి ఆపేస్తాడు. చివర్లో స్నానాల గదిలో తెర లాగితే ఒక కేక. ఆ కేక పెట్టింది కూడా సినిమాలో అక్కడ ఉండే నటి కాదు, ఇంకో నటి. అంటే ట్రైలర్ కోసం విడిగా పని చేశారు, సినిమాలోని దాన్ని దాచిపెట్టారు. ఆ సినిమాకి మొదలైపోయాక వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వద్దని కూడా థియేటర్లకి చెప్పాడాయన. మొదటి నుంచి చివరిదాకా చూస్తేనే చూసినట్టు అని అంత పట్టుదల. ఆ పట్టుదల ఇప్పటి ట్రైలర్లు కోసేవాళ్ళకి కాస్త ఉంటే బాగుండు.

మనదగ్గర ఇంకో రకం ఉంది, నవ్వు దెయ్యం ట్రైలర్. 2013లో 'ప్రేమకథా చిత్రమ్', తర్వాతి ఏడాది 'గీతాంజలి', 2015లో 'రాజుగారి గది', 2017లో 'ఆనందో బ్రహ్మ'. వీటి ట్రైలర్లలో ముందు నవ్విస్తారు, తర్వాత జడిపిస్తారు, మళ్ళీ నవ్విస్తారు. 'ఆనందో బ్రహ్మ' వాళ్ళయితే 'భయానికి నవ్వంటే భయం' అని ట్యాగ్‌లైనే పెట్టుకున్నారు. ఆ మాటలో నిజముంది. మా చిన్నోడు ఈ రకం చూసిన రోజు రాత్రి బాత్రూమ్‌కి ఒక్కడే పోతాడు. నేను దీన్ని గొప్ప సినిమా అనను, ఇంట్లో పెట్టుకోదగ్గ ట్రైలర్ అంటాను. మొన్న ప్రభాస్ 'రాజా సాబ్'దీ ఇదే దారి. 2025 జూన్‌లో టీజర్, సెప్టెంబర్ చివర్లో ట్రైలర్ వచ్చాయి. ఆ ట్రైలర్ మూడు నిమిషాలు దాటింది. మా అత్తమ్మ అంతా చూసి "ఈ పిల్లగాడు బానే ఉన్నడు గానీ, ఇండ్ల దయ్యమేది?" అని అడిగింది. మారుతి గారు వింటే ఏమనుకునేవారో.

భయాన్ని నవ్వుగా మార్చేసే శక్తి ఇళ్ళల్లో ఎప్పుడూ ఉంది. 'అరుంధతి' 2009 సంక్రాంతి అప్పుడు వచ్చింది. అప్పుడింకా మా చేతుల్లో ఈ ఫోన్లు లేవు. ట్రైలర్ అంటే టీవీలో సీరియల్ మధ్యలో వచ్చే ముక్క. సోనూ సూద్‌కి రవిశంకర్ ఇచ్చిన ఆ గొంతు, ఆ 'బొమ్మాళీ' అనే పిలుపు మొదటి వారం జడిపించింది. నెల తిరిగేసరికి ప్రతి ఇంట్లో పెద్దమామయ్యలు, చిన్నమామయ్యలు ఆడపిల్లల్ని ఆ మాటతోనే ఆటపట్టించడం మొదలుపెట్టారు. టీవీ ముక్కలో ఒక సుగుణం ఏమిటంటే అది అందరి మధ్యలో వస్తుంది. అత్తా, కోడలూ, పిల్లలూ ఒకే గదిలో ఉంటారు. ఒకరు ఉలిక్కిపడితే ఇంకొకరు నవ్వుతారు. భయం ఆ గదిలోనే పంచుకుపోతుంది.

ఫోన్‌లో వచ్చేది అట్లా పంచుకుపోదు. నా పోట్లాట దానితోనే.

రీల్స్‌లో పదిహేను సెకన్ల ముక్క ఒకటి వస్తుంది. మా వాడు క్రికెట్ చూస్తుంటాడు, వెంటనే ఎవరో పిండి రుబ్బుతుంటారు, ఇంకోటి పైకి నెట్టగానే ఒక ముఖం తెర మీదికి దూకుతుంది. వాడు దాన్ని వెతకలేదు, అడగలేదు. అది హారర్ అని తెలిసే వీలూ లేదు, తెలిసేలోపే అయిపోయింది. చెవిలో ఇయర్‌ఫోన్ ఒకటి. పక్కన ఎవరూ లేరు, నేను వంటింట్లో ఉన్నాను. మూడు నిమిషాల ట్రైలర్ నిజానికి చాలా మర్యాదస్తురాలు. పేరు చెప్పి వస్తుంది, మనం నొక్కితేనే మొదలవుతుంది, ముందు కాసేపు ఊరు, పొలాలు, హీరో అమ్మాయి వెంట పడటం చూపించి తర్వాత చీకటిలోకి తీసుకెళ్తుంది. భయపడతానని తెలిసే మనం కూర్చుంటాం. ఈ పదిహేను సెకన్లది దొంగ దారి.

చప్పుడు సంగతి కూడా గమనించండి. థియేటర్లో దెయ్యం సినిమా భయమంతా బరువైన శబ్దంలో ఉంటుంది, కుర్చీ కింద నుంచి వచ్చినట్టు. 'విరూపాక్ష'కి 'కాంతార' అజనీష్ లోక్‌నాథ్ సంగీతం. ఆ డప్పులు, ఆ గుడి గంటలు పెద్ద స్పీకర్లలో వింటే వేరు. ఫోన్‌లో ఉన్న చిటికెడు స్పీకర్‌కి ఆ బరువు పలకదు. అందుకే ఫోన్ కోసం కోసే ముక్కలో బరువు తీసేసి కీచు పెడతారు. ముందు నిశ్శబ్దం, ఎందుకు ఏం వినపడట్లేదా అని మనం ఫోన్ దగ్గరికి తెచ్చుకుంటాం, అప్పుడు కేక. ఇది భయపెట్టడం కాదు, వెనక నుంచి వచ్చి చెవిలో అరవడం. మా చిన్నప్పుడు మేనబావలు చేసే పని ఇది, అప్పుడు వాళ్ళకి వీపు మీద పడేది.

ఇది ఒక్క మన దగ్గరి బాధ కాదు. 2018 ఆగస్టులో 'ది నన్' అనే ఇంగ్లీషు సినిమాకి యూట్యూబ్‌లో ఒక ప్రకటన వదిలారు. ఫోన్‌లో సౌండ్ తగ్గిస్తున్నప్పుడు వచ్చే గుర్తు ఉంటుంది కదా, ఆ గుర్తే తెర మీద కనపడి సౌండ్ తగ్గిపోతున్నట్టు చూపిస్తుంది. చూసేవాడు నా ఫోన్‌కేమైంది అనుకుంటాడు. అప్పుడు ఆ దెయ్యపు సన్యాసిని అరుస్తూ మీదికి వస్తుంది. వేరే ఏదో వీడియో చూడబోయినవాళ్ళకి ముందు ఇది వచ్చింది. జనం మండిపడ్డారు, యూట్యూబ్ ఆ ప్రకటనని తీసేసింది. సినిమాని ఆపమని ఎవరూ అనలేదు. పూర్తి ట్రైలర్‌ని తీసేయమనీ అనలేదు. అడగని వాడి మీదికి దూకినందుకే అభ్యంతరం. నేను చెప్పేదీ అంతే.

థియేటర్లో సినిమాకి ముందు వేసే ట్రైలర్‌కి కూడా సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. తెర మీద ముందు ఆ కాగితం కనపడుతుంది కదా, ట్రైలర్‌కీ అదే. 2024లో ఆ సర్టిఫికెట్లని ఇంకాస్త విడదీశారు కూడా, ఏడేళ్ళు దాటినవాళ్ళకి, పదమూడు దాటినవాళ్ళకి, పదహారు దాటినవాళ్ళకి అని వేరువేరుగా. బాగుంది. కానీ యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో పెట్టే ట్రైలర్‌కి ముందుగా ఆ గడప దాటాల్సిన పని లేదు. సినిమాకి 'పెద్దలకు మాత్రమే' అని వచ్చినా, దాని ముక్క మాత్రం అయిదో తరగతి పిల్లాడి చేతిలోకి వచ్చేస్తుంది. 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు పదహారేళ్ళలోపు పిల్లల్ని పొద్దున పదకొండుకి ముందు, రాత్రి పదకొండు తర్వాత థియేటర్లకి రానివ్వద్దంది, తర్వాత సడలించింది. ఆ వార్త చదివినప్పుడు మా ఆయనతో అన్నాను, రాత్రి పదకొండుకి మన పిల్లలున్నది థియేటర్లో కాదు గదా, దుప్పట్లో అని.

ట్రైలర్‌ని మించిన ప్రచారాలు కూడా ఉన్నాయి. 2008లో రామ్‌గోపాల్ వర్మ 'ఫూంక్' అనే హిందీ సినిమాని థియేటర్లో ఒక్కరే కూర్చుని చూస్తే 5 లక్షలు ఇస్తానన్నాడు. 2024లో 'గీతాంజలి మళ్ళీ వచ్చింది' వాళ్ళు టీజర్ వేడుకని బేగంపేట శ్మశానంలో పెడతామని ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో 'ఓదెల 2' టీజర్‌ని ఏకంగా ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో విడుదల చేశారు. ఒకరిది పందెం, ఒకరిది శ్మశానం, ఒకరిది పుణ్యక్షేత్రం. నాకు వర్మ పందెం మీద కోపం లేదు. అది పెద్దవాళ్ళతో ఆట, ఇష్టమున్నవాడు పోతాడు. శ్మశానం దగ్గర మాత్రం మనసొప్పదు. మనవాళ్ళని సాగనంపిన చోటు అది. కుంభమేళా గురించి మా అత్తమ్మ ఒక్క మాటే అంది: "గంగల మునిగొస్తే దయ్యం పోవాల గని, ఆడికెల్లి తెస్తరా!"

సినిమా విడుదలయ్యాక వచ్చే రకం ఇంకోటి ఉంది. ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ముందు మైకు పట్టుకుని "ఎట్లా ఉంది బ్రో" అని అడిగే వీడియోలు. చూసి వచ్చినవాళ్ళ ముఖాలు, వాళ్ళ చేతి మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు. 2009లో 'పారానార్మల్ యాక్టివిటీ' ట్రైలర్లో ఇదే పని చేశారు, చీకటి హాల్లో కూర్చున్న జనం కేకలు పెట్టడాన్ని చూపించి సినిమా అమ్మారు. నా మట్టుకు ఇది చాలా నిజాయితీ గల పద్ధతి. దెయ్యాన్ని చూపించరు, భయపడిన మనిషిని చూపిస్తారు. మనిషి ముఖం చూసి పిల్లలు జడుసుకోరు, నవ్వుతారు.

ఇక అన్నిటికన్నా నాకు గుచ్చుకునేది ట్రైలర్లో తెల్ల అక్షరాలతో వచ్చే ఒక్క వాక్యం. 'నిజ సంఘటనల ఆధారంగా.' ఏ నిజం? ఏ ఊరు? ఏ సంవత్సరం? చెప్పరు. చెప్పాల్సిన పనీ లేదు వాళ్ళకి. టికెట్లు అమ్మడానికి ఆ వాక్యం చాలు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో కూర్చుని చూసేవాళ్ళకి అదొక మసాలా. మాది నారాయణఖేడ్. నిన్న మొన్నటిదాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. మెదక్ అనగానే బయటివాళ్ళకి చర్చి గుర్తొస్తుందేమో గానీ, పాతతరం వాళ్ళకి ఇంకో మాట కూడా గుర్తొస్తుంది. బాణామతి. ఈ పక్క ఊళ్ళల్లో ఎవరికి జ్వరం తగ్గకపోయినా, బర్రె పాలివ్వడం మానినా, కొత్త కోడలు కారణం లేకుండా ఏడ్చినా ఆ మాట ఎవరో ఒకరు అనేవారు. అన్నాక ఊరుకునేవారు కాదు, చేసిందెవరని వెతికేవారు. వెతికితే దొరికేది ఎవరు? ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలావిడ. భర్త పోయినామె. నోరు కాస్త గట్టిగా ఉన్నామె. పళ్ళు రాలగొట్టారనీ, చెట్టుకి కట్టేశారనీ, కాల్చేశారనీ పేపర్లో వార్తలు చదువుకుంటూ పెరిగాం మేం. ఆ వార్తలు ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు.

'విరూపాక్ష' కథే చూడండి. క్షుద్రపూజలు చేస్తున్నారని అనుమానంతో ఊరంతా కలిసి భార్యాభర్తల్ని సజీవంగా కాల్చేయడంతో మొదలవుతుంది. సినిమా చూసి వచ్చినవాడికి ఒక ఆలోచన మిగులుతుంది, ఊరు చేసిన పాపం ఊరికి చుట్టుకుంది అని. మా ఆయన వచ్చి చెప్పిన మాట కూడా అదే: "తప్పు ముందు ఊరోళ్ళదే." కానీ ట్రైలర్ చూసిన నా ఇంటి నలుగురికీ మిగిలిందేమిటి? ఊళ్ళో ఎవరో చేతబడి చేస్తున్నారు, జనం చచ్చిపోతున్నారు. కథలో మందు ఎక్కడో ఉంది, ట్రైలర్లో రోగం మాత్రమే పంచారు. 'మా ఊరి పొలిమేర'దీ చేతబడి కథే. 2021లో మొదటి భాగం నేరుగా ఓటీటీలో వచ్చింది, 2023 నవంబర్‌లో రెండోది థియేటర్లలో. మొదటి భాగానికి థియేటర్ లేదు కాబట్టి ట్రైలర్, ఆ ముక్కలు, ఈ ముక్కలే ఊరూరా తిరిగాయి. సినిమాలో ఆ చేతబడి వెనక ఉన్న మనుషుల ఎత్తులు, దురాశ చివరిదాకా కూర్చుంటేనే తెలుస్తాయి.

మా గల్లీ చివర ఒక అవ్వ ఉంటుంది. ఒక్కతే. కొడుకు బతుకుదెరువుకి భీవండి పోయి అక్కడే స్థిరపడ్డాడు. పింఛన్ వచ్చిన రోజు మా ఇంటికి వచ్చి మా అత్తమ్మతో ఆకూ వక్కా నములుతూ కూర్చుంటుంది. ఆమె ఇంటి ముందు నిమ్మచెట్టు ఉంది. ఎవరికి కడుపులో బాగోకపోయినా అక్కడి నుంచే కాయ. కిందటి ఎండాకాలం సెలవుల్లో మా వాడూ, వాడి దోస్తులూ ఆ ఇంటి ముందుకి రాగానే పరుగు తీయడం చూశాను. ఒక పిల్ల ముక్కు మూసుకుని పరిగెత్తింది, ఊపిరి పీలిస్తే అంటుకుంటుందట. అడిగితే ఒకడు ఫోన్ తీసి చూపించాడు. ఏ సినిమాదో పేరు కూడా లేని ముక్క, జుట్టు విరబోసుకున్న ముసలావిడ, నిమ్మకాయలు, కేక. కింద 'నిజంగా జరిగింది' అని.

ఆ అవ్వ ఏమీ అనలేదు. సాయంత్రం వచ్చి కూర్చుని "పోరగాళ్ళు నన్ను జూసి ఉరుకుతున్నరు, ఏమైందే?" అని మా అత్తమ్మని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ, నాకు ఆ నవ్వు నచ్చలేదు. ఈ వయసులో, ఈ చుట్టుపక్కల పుట్టి పెరిగిన ఆమెకి ఆ పరుగు దేనికి మొదలో మనకన్నా బాగా తెలుసు.

మాకు ఒకవైపు కర్ణాటక, ఇంకోవైపు మహారాష్ట్ర దగ్గరే. బీదర్‌లో చుట్టాలుంటారు, దెగ్లూర్‌లో ఇచ్చిన పిల్లలుంటారు. ఆ రెండు రాష్ట్రాల్లోనూ మూఢనమ్మకాల పేరుతో చేసే దారుణాల మీద ప్రత్యేక చట్టాలున్నాయి. మహారాష్ట్రలో 2013లో, నరేంద్ర దభోల్కర్‌ని చంపిన తర్వాత వచ్చింది. కర్ణాటకది 2017లో చేసింది. మనకి ఇంకా అట్లాంటిది రాలేదు. చట్టం వచ్చినా ట్రైలర్‌ని ఆపదు, ఆపాలని నేను అనడం లేదు కూడా. దెయ్యం కథలు నాకూ ఇష్టమే. మా అమ్మ 'ఆంధ్రభూమి' వారపత్రికలో యండమూరి 'తులసిదళం' చదివి వెన్నులో వణుకు పుట్టి, దీపం ఆర్పనిచ్చేది కాదట. కానీ ఆ సీరియల్‌కి వచ్చే వారం ఉండేది. ఈ వారం భయపెట్టినవాడే వచ్చే వారం, ఆ పై వారం, చివరికి ఒక ముగింపుకి తెచ్చి వదిలేవాడు. ఒకే పత్రిక, ఒకే ధర. ట్రైలర్‌కి వచ్చే వారం లేదు. ముగింపు కావాలంటే టికెట్ కొనాలి. కొనలేనివాళ్ళకీ, కొనకూడని వయసు పిల్లలకీ భయం మాత్రం ఉచితం.

సినిమావాళ్ళు కావాలనుకుంటే చేయగలిగినవి పెద్ద కష్టమేం కాదు. యూట్యూబ్ ట్రైలర్ మొదట్లోనే ఈ సినిమా ఏ వయసువాళ్ళకో రెండు సెకన్లు చూపించవచ్చు. పదిహేను సెకన్ల ముక్కల్లో ముఖం మీదికి దూకేవి మానేసి, గొంతుతో, చీకటితో పని కానివ్వచ్చు, గ్లింప్స్‌లో చేసిన పనేగా. 'నిజ సంఘటన' అని రాస్తే ఏ సంఘటనో రాయాలి, రాయలేకపోతే ఆ వాక్యం తీసేయాలి. దీనివల్ల ఒక్క టికెట్ కూడా తగ్గదని నా నమ్మకం. 'మసూద'నే తీసుకోండి, 2022ది. ట్రైలర్ చూస్తే గుర్తుండేది దెయ్యం. ఓటీటీలో సినిమా చూస్తే నాకు గుర్తుండిపోయింది మాత్రం సంగీత వేసిన ఆ తల్లి. మొగుడికి దూరంగా ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ, ఒక్కగానొక్క కూతురికి ఏమవుతుందో తెలియక ఆసుపత్రికీ, ఇంటికీ తిరిగే ఆడది. ఆ తల్లిని ముందు పెట్టి ట్రైలర్ కోస్తే మా వయసు ఆడవాళ్ళం ఇంకా ఎక్కువమందిమి చూసేవాళ్ళం. మమ్మల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, ఇంట్లో సినిమాకి పోదామా వద్దా అన్నది తేల్చేది చాలాసార్లు మేమే.

వాళ్ళు చేసేదాకా మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఫోన్‌లో వీడియోలు వాటంతట అవి మొదలయ్యే ఏర్పాటుని మా అమ్మాయి తీసేసింది. రీల్స్ చూస్తే హాల్లోనే చూడాలి, ఇయర్‌ఫోన్ లేకుండా. దాంతో సగం దెయ్యాలు తగ్గాయి, ఎందుకంటే కీచు రాగానే వంటింట్లోంచి నేను, వరండాలోంచి అత్తమ్మ ఒకేసారి అరుస్తాం. కొత్త దెయ్యం సినిమా ట్రైలర్ వస్తే టీవీకి పెట్టి పట్టపగలు అందరం కలిసి చూస్తాం, పూర్తిది. చూశాక, ఇంట్లో ఎవరైనా ఆ సినిమాకి పోయి వస్తే కథ చివరిదాకా చెప్పి తీరాలి. సస్పెన్స్ పాడవుతుందని మా మరిది గోల చేస్తాడు. పాడవనీ.

అవ్వ సంగతి వచ్చిన రోజు రాత్రి మా ఆయన 'విరూపాక్ష' కథంతా మా వాడికి చెప్పాడు, ఆ భార్యాభర్తల్ని ఊరోళ్ళు కాల్చిన దగ్గర్నుంచి. వాడు మధ్యలో ఒక్కసారి కూడా భయపడలేదు. అంతా విని, "మరి వాళ్ళని కాల్చినోళ్ళని పోలీసులు పట్టుకున్నారా డాడీ?" అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. "సినిమాలో అది చూపించలేదురా" అన్నాడు.

పొద్దున జొన్న రొట్టెలు చేశాను. నాలుగు రొట్టెలు, గిన్నెలో పప్పు పెట్టి అవ్వకి ఇచ్చి రమ్మన్నాను. వాడు గల్లీ సగం దాకా మామూలుగా నడిచాడు, అక్కడ కాసేపు ఆగాడు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. వాడు వెనక్కి తిరిగి చూసి, గిన్నె రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిమ్మచెట్టు కిందికి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు గిన్నెలో రెండు నిమ్మకాయలున్నాయి. ఆ మధ్యాహ్నం అన్నంలోకి పులిహోర కలిపాను.